మా వంగతోట చదువు

మా నలుగురికీ తెలివి ఎక్కువ. నాయనమ్మ అప్పలకొండమ్మ, నాన్న, బాబాయ్, నేను. ఊళ్ళో అందరికీ ఒక తల సరిపోతుంది, మా ఇంట్లో ఏ పనికైనా నాలుగు తలలూ పెడతాం. అందుకే ఏ పనీ మిగలదు.

నాయనమ్మకి పుట్టింటి నుంచి తెచ్చుకున్న ముళ్ళవంకాయ విత్తనం ఉంది. ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు. ఈ యేడు కాయ పండి గింజ దక్కకపోతే ఆ వంగ ఇక లేనట్టే. ఆ దిగులుతో ఆమెకి ముద్ద దిగేది కాదు.

పురుగు కనబడగానే వ్యవసాయం ఆఫీసరమ్మని పిలుచుకొచ్చాం. చీటికీ మాటికీ మందు కొట్టొద్దంది. ఆకు కొరికితే మొక్క తనలో చేదు పుట్టించుకుంటుందట, వాసనతో పక్క మొక్కలకి కబురు కూడా పెడుతుందట.

"తనని తాను కాచుకోవడం మొక్కకి తెలుసు నాయనా," అంది.

అంతే. తనని తాను కాచుకునే దానికి కాపలా పెట్టడం అవమానం కదా అని నాన్న కంచె పీకేశాడు. మధ్యాహ్నానికి మేకలొచ్చి సగం తోట నమిలిపోయాయి. మొక్కలు పురుగుల పాఠమే చదివాయి, మేకల పాఠం ఇంకా రాలేదని బాబాయ్ సర్దిచెప్పాడు. మాకూ నిజమేననిపించింది.

మిగిలినవాటికైనా చేదు రావాలంటే కొరకాలి. ఇంకేముంది, నలుగురం చాళ్ళలో మోకాళ్ళ మీద పాకుతూ ఆకులు కొరికాం. నాన్నకి ముందు పళ్ళు లేవు, ఆయన కొరికిన మొక్కలు సరసమనుకున్నాయేమో, చేదెక్కలేదు. అందుకని పక్క చేలో పురుగులన్నీ చేటలో ఏరుకొచ్చి మా తోటలో వదిలాం. పక్క చేను ఆసామి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. మేం వచ్చేస్తుంటే తనే ఏరి ఇంకో చేటెడు పురుగులిచ్చాడు.

అప్పుడు నాకు గొప్ప ఆలోచన వచ్చింది, సిగ్గుపడకుండా చెబుతున్నాను. మా మొక్కలు పెట్టే కబురు గాలికి ఆసామి చేలోకి పోతోందేమోనన్నాను. అంతే, మొక్కమొక్కకీ కుండ బోర్లించాం. వారం తర్వాత ఎత్తి చూస్తే అన్నీ తలలు వాల్చేశాయి. ఆలోచిస్తున్నాయన్నాడు బాబాయ్.

కుండ దొరకని ఒక్క మొక్క మూలన బతికింది. దానికి ఒక్క కాయ. పసుపెక్కి పండింది. ఆఫీసరమ్మ వచ్చి తోటంతా తిరిగి చూసింది. తర్వాత, ఆ కాయ గింజలు తీసి, ఎండలో ఆరబెట్టి నాటుకోమని చెప్పి వెళ్ళింది.

"చేదెక్కి ఉంటే వంశమంతా చేదవుతుందేమో," అంది నాయనమ్మ.

రుచి చూడాల్సొచ్చింది. బాబాయ్ కొరికి తెలియలేదన్నాడు. నాన్న కొరికి సందేహమన్నాడు. నేను కొరికాను. ఆఖరి ముక్క, గింజలతో సహా, నాయనమ్మ నమిలి, చేదు లేదని తేల్చింది. తర్వాత ఖాళీ చేయి చూసుకుని భోరుమంది. నాకూ ఏడుపొచ్చింది.

"ఎందుకమ్మా ఏడుస్తావు? గింజలెక్కడికీ పోలేదు, మన కడుపుల్లోనే ఉన్నాయి," అన్నాడు నాన్న.

ఇంకేముంది, ఆఫీసరమ్మ చెప్పినట్టే పూటంతా ఎండలో పడుకుని ఆరాం. సాయంత్రం చాలు తీసి, జానెడు ఎడం వదిలి, నడుం దాకా వరసగా పాతుకున్నాం. మట్టి చేతులతో గట్టిగా అదుముకున్నాక గుర్తొచ్చింది, నీళ్ళు పోయడానికి ఇంట్లో ఎవరూ మిగల్లేదని.