శాస్త్రిగారి మేడ మీది వడియాలు

సముద్రపు ఒడ్డున ఒక చిన్న రాజ్యం. అక్కడ ఆస్థాన జ్యోతిష్కులు శంభుశాస్త్రిగారు ముహూర్తం పెట్టందే మడుల్లో పండిన ఉప్పు ఎవరూ తియ్యకూడదు. ఆ ఏడు ఆయన, "శుక్రవారం దాకా చినుకు పడదు, ఆనాడే తియ్యండి" అని చాటింపు వేయించారు. బుధవారం పొద్దున్నే పైడమ్మ తన మడిలో ఉప్పంతా ఎత్తి తాటాకులు కప్పేసింది. శాస్త్రిగారికి ఒళ్ళు మండింది. ఆమెను సభకు రప్పించారు.

"వానొస్తుందని నీకెవరు చెప్పారు?" అన్నాడు రాజు.

"మబ్బులే మారాజా! నిన్నటివి ఏకిన దూదిలా పల్చగా ఉన్నాయి, వాటితో భయం లేదు. ఈ పొద్దున పడమట అడుగు నల్లగా, పైన గోపురంలా లేచాయి. అయినా చదువుకున్నాయన మాట కాదనడానికి నేనెంత? వెళ్ళి వారి మేడ వంక చూశాను. వడియాలు ఎండుతుంటే నా ఉప్పూ ఎండనిద్దామనుకున్నాను. నిన్నటిదాకా ఎండిన చోట ఒక్క వడియం లేదు."

సభ గొల్లుమంది.

"మీ ఆవిడ తీసేసిందా, శాస్త్రిగారూ?" అన్నాడు రాజు నవ్వుతూ.

ఔనంటే సరిపోయేది. కానీ ఉప్పు కోతకు పగిలిన పైడమ్మ చేతులు ఆయన కళ్ళబడ్డాయి.

"ఆవిడ వడియాలు పెట్టిన చీర తీస్తుంటే రెండో కొస పట్టుకున్నది నేనే, ప్రభూ. మబ్బు చూశాను. పెట్టిన ముహూర్తం మారిస్తే పరువు పోతుందని నోరు మెదపలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఆ మాట మేడ మీంచే కేకేసుంటే ఊరందరి ఉప్పూ దక్కేది కదా బాబూ!" అంది పైడమ్మ.

పెంకుల మీద టపటపా చినుకులు రాలాయి. శాస్త్రిగారు తలెత్తలేదు.