బంతి అందని పరుగు

ఫైనల్ ఆడే పదకొండు మందిలో మాబున్ని పేరు లేదు. ఆమె చోట సుంకమ్మ ఆడుతోంది.

ఖాట్మండులో అమ్మాయిల అంతర్జాతీయ ఫుట్‌బాల్ పోటీలు. సెమీఫైనల్ దాకా అనంతపురం జట్టు ముందు వరుసలో ఆడింది మాబున్నే. సుంకమ్మకు పాదంతో బంతి ఆపడం నేర్పిందీ ఆమే. అక్కా అక్కా అంటూ వెనకాలే తిరిగిన పిల్ల ఇవాళ తన చోట నిలబడుతుంటే మాబున్ని ఓర్చుకోలేకపోయింది.

కోచ్ దాక్షాయణి మేడం దగ్గరికెళ్ళి నిలదీసింది.

"దానికంటే నాకేం తక్కువ మేడం?"

మేడం కోప్పడలేదు. బెంచీ మీద తన పక్కన చోటు చూపింది.

"కూర్చో. బంతిని చూడొద్దు, సుంకమ్మనే చూడు. దాని తప్పులన్నీ పట్టి నాకు చెప్పు."

మాబున్నికి కావలసిందీ అదే.

ఆట మొదలైన కాసేపటికే సుంకమ్మ కాలి కింది నుంచి బంతి జారి గీత దాటింది.

"చూశారా మేడం," అంది మాబున్ని. ఇంకోసారి ఎదుటి పిల్ల బంతి లాక్కుపోయింది. "అదిగో," అంది, ఈసారి కాస్త గట్టిగానే. మేడం తలూపింది.

తర్వాత చాలాసేపు సుంకమ్మకు బంతే రాలేదు. అయినా ఎడమవైపు పరుగు తీసి చెయ్యెత్తింది. ఎవరూ ఇవ్వలేదు. వెనక్కొచ్చి మళ్ళీ పరుగెత్తింది. గోలుకు కాపలా కాస్తున్న ఎదుటి జట్టు పిల్లలిద్దరూ ప్రతిసారీ తమ చోటు వదిలి ఆమె వెంటపడ్డారు. ఒకతె మడమ మీద తన్నింది. సుంకమ్మ పడి లేచి మళ్ళీ పరుగెత్తింది.

తప్పులు చెప్పడం ఎప్పుడు మానేసిందో మాబున్నికే తెలీదు.

ఆట చివరికొచ్చింది. సుంకమ్మ ఆ ఇద్దర్నీ వెంటేసుకుని మైదానం మూలకు దూసుకెళ్ళి బోర్లా పడింది. స్టేడియం హోరెత్తింది. జట్టంతా ఖాళీ అయిన గోలు ముందు ఎవర్నో ఎత్తుకుని గంతులేస్తోంది. మూలన సుంకమ్మ ఒక్కతే మోకాళ్ళు దులుపుకుని లేచింది. నవ్వుకుంటూ, కుంటుకుంటూ వాళ్ళ దగ్గరికి బయల్దేరింది.

మాబున్ని చూపు తిప్పలేదు.

"గోలు ఎవరు కొట్టారు మేడం?" అనడిగింది.

మేడం ఆమె భుజం తట్టింది. "సుంకమ్మకు కాలు నొప్పిగా ఉంది. దాని చోట నువ్వెళ్ళు."

ఆట ముగిసేలోగా మాబున్నికి ఒక్కసారీ బంతి అందలేదు. పరుగు మాత్రం ఆపలేదు.