వీపు మాట

"మనిషి వీపు తిప్పి నిలబడ్డప్పుడు మనం ఓ మాట వేస్తే తప్పేమిటి గురువుగారూ?" అని చైత్ర అడిగింది.

అడిగింది ఎవరిని? తాడికొండ నాగలింగం గారిని. తెలుగు డబ్బింగుకి గొంతు పెట్టింది ఆయనేనని ఆయనే చెప్పేవారు. కాదనడానికి ఆనాటివాళ్ళెవరూ మిగల్లేదు. మద్రాసు రోజుల్లో ఒకే సినిమాలో రాజుకీ, రాజుని చంపినవాడికీ, చంపినవాణ్ణి ఉరి తీసినవాడికీ, ఆఖరికి రాజుగారి ఏనుగుకీ ఆయనే గొంతు ఇచ్చారట. ఆ ఘీంకారం విని, ఊరవతల సర్కస్ డేరాలో ఉన్న ఆడ ఏనుగు గొలుసు తెంపుకుని స్టూడియో గేటు దాకా వచ్చి నిలబడిందట. మావటివాడు కాళ్ళావేళ్ళా పడితే ఈయన మళ్ళీ మైకు ముందుకు వెళ్ళి, 'నువ్వనుకున్నవాణ్ణి నేను కాదు తల్లీ, వెళ్ళిపో' అని ఏనుగు భాషలోనే నచ్చజెప్పి పంపారట. అది కంటనీరు పెట్టుకుని వెనక్కి తిరిగిందట. ఈ కథ విన్నవాళ్ళంతా నవ్వేవారు. ఆయన మాత్రం నవ్వేవారు కాదు.

ఆయన అలవాటు ఒకటుంది. ఏది అడిగినా సూటిగా జవాబు చెప్పరు. టీ తెప్పించుకుని, తన ఘనకార్యం ఒకటి బయటికి తీస్తారు. అడిగినవాళ్ళ జవాబు అందులోనే ఎక్కడో ఉంటుంది. ఏరుకోవడం వాళ్ళ పని. ఆ రోజు మాత్రం ఆయన టీ తెప్పించుకోలేదు.

చైత్ర ఖమ్మం నుంచి వచ్చి, ఆయన దగ్గర డబ్బింగుకి మాటలు రాయడం నేర్చుకున్న పిల్ల. తెర మీది మనిషి పెదవులు ఎంతసేపు కదిలితే మన మాట అంతసేపే నడవాలి. అదే ఆ విద్యలో ఉన్న కట్టుబాటంతా. అయితే పాత్ర వీపు తిప్పిందంటే పెదవులు కనపడవు గనక కట్టు తెగిపోతుంది. రాసేవాళ్ళు తోచిన మాట దూర్చవచ్చు. స్టూడియోలో వాటికి వీపు మాటలని పేరు. చైత్ర వాటిలో ఘటికురాలు. ఓ కొరియన్ డ్రామాలో తల్లి వీపు మీద ఆమె వేసిన మాట విని, మిర్యాలగూడలో అలిగి పుట్టింట్లో కూర్చున్న కోడలు ఒకావిడ టీవీ కూడా ఆపకుండా బస్సెక్కి అత్తగారింటికి వచ్చేసిందని నాగలింగం గారు ఊరంతా చెప్పుకొచ్చారు. శిష్యురాలి గొప్ప కూడా ఆయన చేతిలో పడితే ఏనుగంత అయ్యేది.

కొరియన్ డ్రామాలంటే చైత్రకు ప్రాణం. వాళ్ళదీ మనదీ ఒకే గుండె అనేది. వానలో తడుస్తున్న పిల్ల మీదికి గొడుగు రావలసిన క్షణానికి వచ్చి తీరుతుంది. కాబోయే అత్తగారు గ్లాసుడు నీళ్ళు మొహాన కొట్టవలసిన చోట కొడుతుంది. ఏడుపొస్తే కుండపోతగా ఏడ్చి, ఏడుస్తూనే గిన్నెడు నూడిల్స్ తింటారు. ప్రేమించానని చెప్పడానికి నోరు రాకపోతే ఎదుటి మనిషి అన్నం మీద ఓ కూర ముక్క పెడతారు. అంతకన్నా ఏం కావాలి అనేది. జపాన్ వాళ్ళ ఊసెత్తితే మూతి ముడిచేది. వాళ్ళ డ్రామా ఇంటికి వచ్చి కూర్చోకుండానే వెళ్ళిపోయే చుట్టంలా ఉంటుందట. చావు కబురు చెప్పి, వంగి దండం పెట్టి ఊరుకుంటారట. కెమెరాని టీ కప్పు మీద పెట్టి మరిచిపోతారట. చూసేవాళ్ళ ఏడుపుని గొంతు దాకా తెచ్చి, సరిగ్గా అక్కడ వదిలేసి, తెర మీద పేర్లు వేసేస్తారట. కొరియా వాళ్ళు ఏడిపించి పంపిస్తారు, జపాన్ వాళ్ళు ఏడవనివ్వరు. ఇదీ ఆమె తీర్పు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

అలాంటి చైత్రకు, మొదటిసారి తన పేరు మీద వచ్చిన పని జపాన్ సీరియలే అయింది. అందులో రిటైరైన రైలు గార్డు ఒకాయన ఉంటాడు. ఆయన భార్య పోతుంది. దహనం చేయించి ఇంటికి తిరిగి వస్తాడు. తలుపు పక్కకి జరిపి, బూట్లు విప్పి, మనవైపు వీపు పెట్టి, లోపలి చీకటిలోకి చూస్తూ "వచ్చాను" అంటాడు. ఆ దేశంలో ఇంటికి వచ్చిన మనిషి గుమ్మంలో ఆ మాట అనడం, లోపలివాళ్ళు బదులు పలకడం ఆచారం. ఎవరూ పలకరు. ఆయన అలాగే నిలబడి ఉంటాడు. సంగీతం లేదు, నిట్టూర్పు లేదు. ఆ వీపు మీదే ఆ భాగం అయిపోతుంది.

అంత ఖాళీ కనపడేసరికి చైత్ర చెయ్యి ఊరుకోలేదు. ఆ వీపు మీద ఆమె ఇలా రాసింది: 'ఎవరి కోసం రావాలి నేను ఈ ఇంటికి? నీ గాజుల చప్పుడు లేని ఈ గోడలు నన్ను మింగేస్తున్నాయి. నన్నూ తీసుకుపో.' రాస్తున్నప్పుడే కళ్ళ నీళ్ళు వచ్చాయి. అది తన బతుకులోకెల్లా గొప్ప వీపు మాట అని ఆమెకు నమ్మకం.

గార్డుకి గొంతు ఇవ్వవలసింది నాగలింగం గారే. ఆయన కాగితం చదివి, "జపాన్ ఆవిడకి గాజులెక్కడివమ్మా?" అని మాత్రం అడిగారు. చైత్ర నాలిక కరుచుకుని గాజుల్ని అడుగులుగా మార్చింది. ఆయన మైకు ముందుకు వెళ్ళారు. "వచ్చాను" అన్నారు. ఆ తర్వాత పెదవి కదపలేదు. బొమ్మ మళ్ళీ నడిపారు. మళ్ళీ "వచ్చాను" అన్నారు, మళ్ళీ నోరు మూసుకున్నారు. ఎన్నిసార్లు నడిపినా అంతే. ఏమని అడిగితే కాగితం మడిచి స్టాండు మీద పెట్టారు.

అద్దానికి ఇవతల రికార్డింగ్ చేసే యాసీన్ చెవుల మీది హెడ్‌ఫోన్ తీసి, "పెద్దాయన గొంతు అయిపోయిందక్కా. అమ్మ పోయిన కాడికెల్లి గిట్లనే ఉన్నడు" అన్నాడు.

పోయిన నెలలో నాగలింగం గారి భార్య సుభద్రమ్మ పోయారు. కర్మకాండలు ముగిశాయో లేదో ఆయన స్టూడియోకి వచ్చి, అందరికీ ఏనుగు కథ చెప్పారు. ఇదివరకటి కన్నా ఏనుగు ఇంకాస్త పెద్దదైంది. ఈయనకేం, రాయి అనుకున్నారు జనం. చైత్ర కూడా పెద్దకర్మ నాడు వెళ్ళి, భోజనం చేసి, వరస తెలియని చుట్టాల మధ్య కాసేపు కూర్చుని వచ్చేసింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. వెళ్ళి ఏం మాట్లాడాలో తెలియక.

సాయంత్రానికి స్టూడియో ఓనరు ఫోను చేశాడు. రేపు పొద్దున్నకల్లా ఆ భాగం పూర్తి కావాలన్నాడు. పెద్దాయన వల్ల కాకపోతే ముసలి గొంతు పలికే కుర్రాడొకడు ఉన్నాడు, వాణ్ణి పెట్టెయ్యమన్నాడు. ఏదో ఒకటి తేల్చవలసింది నువ్వే అని పెట్టేశాడు. ఈ వేషం చేజారితే నాగలింగం గారిని ఇక ఎవరూ పిలవరని చైత్రకు తెలుసు. గొంతు పోయిందనే కబురు ఇప్పటికే వీధిన పడింది. పోనీ మాట తీసేద్దామా అంటే, అంతసేపు టీవీలో ఏమీ వినపడకపోతే మన జనం సెట్టు పాడైందనుకుని రిమోట్ నొక్కేస్తారు. తన పేరు మీది మొదటి సీరియల్ అక్కడే ముగుస్తుంది. గురువుగారి చేత ఆ మాట పలికించడం ఒక్కటే దారి. అందుకే ఆమె వెళ్ళి, తప్పేమిటని అడిగింది.

నాగలింగం గారు లేచి కండువా భుజాన వేసుకున్నారు. "వాన పట్టేలా ఉంది. గొడుగుందా అమ్మాయ్? ఇంటిదాకా దింపు" అన్నారు.

కృష్ణానగర్ సందుల్లోంచి రహమత్‌నగర్ గుట్ట ఎక్కుతూ నడిచారు. సన్నగా చినుకులు మొదలయ్యాయి. ఇక కథ మొదలవుతుంది, అందులో జవాబు ఉంటుంది అని చైత్ర చెవులు రిక్కించింది. కథ మొదలైంది గాని, అది ఆయన దగ్గు గురించి. వాళ్ళ వంశంలో మగవాళ్ళు తలుపు తట్టడం, గొళ్ళెం వాయించడం ఎరగరట. ఇంటికి వస్తే గుమ్మం ముందు ఆగి గొంతు సవరించుకోవాలి. లోపల ఆడవాళ్ళు ఏ పనిలో ఉన్నారో, సర్దుకోవడానికి కాస్త సందివ్వాలి. తాతది అలాంటి గొంతు, తండ్రిది అలాంటి గొంతు, ఇక తన గొంతు సంగతి చెప్పనే అక్కర్లేదు. తాను సవరించుకుంటే వీధిలోని కోడళ్ళందరూ ఎవరికి వాళ్ళు తమ మామగారేననుకుని లేచి నిలబడేవారట. మేడల మీది పావురాలు లేచి, మూసీ దాటితే గాని వాలేవి కావట. ఓ బ్యాంకు కాపలావాడు దొంగలనుకుని తుపాకీ అక్కడే పడేసి పారిపోయాడట.

"మీ అమ్మగారు మాత్రం బెదిరేది కాదు" అన్నారు, సుభద్రమ్మ గారిని తలుచుకుని. "గొళ్ళెం తీసేది, అంతే. వచ్చారా అని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు. వచ్చిన మనిషిని వచ్చారా అనడమేమిటి, చోద్యం కాకపోతే, అనేది."

చైత్ర నవ్వింది. ఆయన కూడా నవ్వుతారేమోనని చూసింది. ఆయన గుట్ట ఎక్కుతున్నారు. ఇల్లు దగ్గర పడుతున్న కొద్దీ ఆయన కథలు చిన్నవవుతూ వచ్చాయి. సందు మలుపు తిరిగేటప్పటికి ఆగిపోయాయి.

ఓ పాత మేడలో వెనక వైపు పోర్షన్ వాళ్ళది. గుమ్మానికి నాలుగడుగుల ఇవతల నాగలింగం గారు ఆగారు. ఆయన వెనకాల గొడుగు పట్టుకుని చైత్ర ఆగింది. తలుపుకి తాళం వేలాడుతోంది. పొద్దున ఆయన చేత్తో ఆయనే వేసుకు వెళ్ళిన తాళం. వాన నీరు దాని మీదుగా జారుతోంది.

నాగలింగం గారు కండువా సర్దుకున్నారు. గొంతు సవరించుకున్నారు.

గొంతు పోయిందన్నవాళ్ళు ఆ పూట అక్కడ ఉండవలసింది. గోడలు ఆ చప్పుడుని ఒకదాని చేతికి ఒకటి అందించుకుని సందు చివరి దాకా మోసుకుపోయాయి. ఎదురు మేడ మీది పావురాలు నిజంగానే లేచాయి. పక్క పోర్షన్లో ఎవరో టీవీ చప్పుడు తగ్గించారు.

ఆ తర్వాత ఆయన గొడుగు కిందినుంచి ఓ అడుగు పక్కకి తప్పుకుని నిలబడ్డారు. తలుపు తీసే మనిషికి మరీ ఎదురుగా ఉండకూడదన్నట్టు. తల కొంచెం వంచి, చెవి తలుపు వైపు పెట్టి.

నటిస్తున్నారేమో అనుకుంది చైత్ర. ఎంతైనా నటుడు. కాని నటుడు ఒక్కసారైనా ఓరగా చూస్తాడు, తనని చూస్తున్నారా లేదా అని. ఆయన చూడలేదు. ఆమె వెనక ఉన్న సంగతే ఆయనకు గుర్తున్నట్టు లేదు. కళ్ళ ఎదుట తాళం ఉంది. దాన్ని దాటి లోపలెక్కడో ఓ మనిషి, చేతిలో పని పక్కన పెట్టి, కొంగుకి చెయ్యి తుడుచుకుని, వంటగది లోంచి నడిచి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆయన ఆగారు. ఆ మనిషికి ఈమధ్య మోకాళ్ళ నొప్పులు కాబోలు, ఇంకాసేపు కూడా ఆగారు. చొక్కా తడిసి వీపుకి అంటుకుంటోంది. గొడుగు ముందుకు జరపాలని ఉన్నా ఆమెకు చెయ్యి లేవలేదు.

ఏదో ఒకటి అనాలి. ఊరుకోండి గురువుగారూ అనాలి. అమ్మగారు ఎక్కడున్నా మిమ్మల్ని చూస్తూనే ఉంటారు అనాలి. ఇలాంటివి ఆమె ఎన్ని రాయలేదు, ఎంతమంది వీపుల మీద వెయ్యలేదు. ఒక్కొక్కటే నాలిక దాకా వచ్చింది. వచ్చింది వచ్చినట్టే వెనక్కి పోయింది. ఆయన మడిచి స్టాండు మీద పెడితే తాను తీసి దాచుకున్న కాగితం భుజాన ఉన్న సంచిలోనే ఉన్నట్టు గుర్తొచ్చి, ఆమె సంచిని వెనక్కి నెట్టుకుంది.

నాగలింగం గారు చెయ్యి పైజేబులో పెట్టారు. తర్వాత పక్కజేబులో. ఇన్నేళ్ళ సంసారంలో తాళంచెవి మోసి ఎరగని చెయ్యి అది, దానికి దారి తెలియలేదు. చివరికి కండువా కొసన ముడి దొరికింది. ముడి విప్పి, తాళం తీసి, తలుపు తోశారు. లోపల్నుంచి మూసిపెట్టిన ఇంటి వాసన, అందులో ఎక్కడో విరిగిన పాల వాసన వచ్చాయి. ఆయన లోపలికి వెళ్ళలేదు, దీపం వెయ్యలేదు, ఇటు తిరగనూ లేదు. గడప మీద నిలబడి, ఆ చీకటి వైపే చూస్తూ అన్నారు.

"ఇంతసేపూ నీకు నా వీపే కదమ్మా కనిపించింది. ఏదీ, ఓ మాట వెయ్యి."