టకటక మాన్పిన అన్నదమ్ములు

1973 జూన్ 14, గురువారం. మృగశిర కార్తె వచ్చి వారమైనా చినుకు లేదు. పొద్దున్నే పడమటి గాలి సెగలు కక్కుతోంది. ఆ సెగలోనూ పేరయ్య, సూరప్ప అన్నదమ్ములు హాయిగా ఉన్నారు. ఊళ్ళో రెండు పాళ్ళ తెలివి ఉంటే ఒకటిన్నర అన్నయ్యది, అర తనది అని సూరప్ప లెక్క. మిగతా ఊరికి ఏం మిగిలిందో అతను ఆలోచించలేదు.

వాళ్ళ మేనమామ చలమయ్యకు పిల్లల్లేరు. పాత పెట్రోలు కారు, మామిడి తోట ఉన్నాయి. "ఇవాళ పదింటికల్లా నన్ను కొండ దాటించి రిజిస్ట్రారు ఆఫీసులో దింపినవాడికే తోట రాస్తాను. పరాయివాడైనా సరే," అన్నాడాయన.

కారేమో టకటకలాడుతోంది, కొండెక్కేటప్పుడు మరీను. మెకానిక్ మస్తాన్ చెల్లెలి పెళ్ళికి బయల్దేరుతూ గుమ్మంలోనే ఒక లైటు చేతికిచ్చి చెప్పాడు. "నిప్పురవ్వ ముందుగా పడుతోంది, పేరయ్యగారూ. ఈ లైటు రవ్వ పడినప్పుడల్లా వెలుగుతుంది. దీన్ని పట్టి చూస్తే తిరిగే కప్పీ మీది గీత సూదికి ఎదురుగా కనపడాలి. లేదంటే రవ్వను పంచే ఈ డిస్ట్రిబ్యూటర్‌ను వదులు చేసి, టకటక పోయేదాకా కొంచెం తిప్పండి."

దేనికైనా వేళ ఉంటుంది. ఆవకాయ మంచిదే, కానీ అన్నప్రాశన నాడే పెడితే పిల్లవాడు గుక్కపెట్టి ఏడుస్తాడు. ఇంజనూ అంతే. ఈ సంగతి మాత్రం ఆ ఒకటిన్నర పాళ్ళలో లేదు.

లైటు పట్టారు. గీత సూదికి బెత్తెడు పక్కన కనపడింది.

"గీత తప్పు చోట గీశారురా," అన్నాడు పేరయ్య. ఇంజన్ ఆపి, గీత చెరిపేసి, సూదికి ఎదురుగా వచ్చే చోట కొత్తది గీశాడు. అంతే, మళ్ళీ స్టార్టు చేసి లైటు పడితే ఎదురుగా కనపడింది!

"నీ బుర్రే బుర్ర అన్నయ్యా! ఫ్యాను కూడా ఆగిపోయింది చూడు."

ఆ లైటులో తిరిగే ఫ్యాను నిలబడినట్టే కనిపిస్తుంది. కళ్ళతో చూశాక ఇంకా అనుమానమా? సూరప్ప మామయ్య పట్టు కండువాను దాని రెక్కకు తగిలించాడు. ఇంకేముంది! పీలికలు పెరడంతా ఎగిరాయి.

"టకటక ఇంకా పోలేదురా," అన్నాడు పేరయ్య.

"పోయేదాకా తిప్పమన్నాడుగా!"

తిప్పారు. ఇంజన్ దగ్గింది. ఇంకా తిప్పారు. ఆయాసపడింది. ఇంకా తిప్పారు. చప్పున ఆగిపోయింది.

"పోయింది!" సూరప్ప కళ్ళు చెమ్మగిల్లాయి. అక్కడే మర గట్టిగా బిగించేశారు.

చలమయ్య వచ్చి వెనకసీట్లో కూర్చున్నాడు. "కదలదేంరా?"

"టకటక ఉందేమో వినండి మామయ్యా!"

"అసలు ఇంజన్ చప్పుడే లేదు కదరా వెధవల్లారా!"

అటుగా పోతున్న జట్కా సైదులు ఆయన్ని ఎక్కించుకుని పదింటిలోపే కొండ దాటించాడు.

మరుసటేడు చలమయ్య పోయాడు. మాట ప్రకారం తోట సైదులుకు వచ్చింది. అన్నదమ్ములకు ఒక్క టెంకైనా రాలేదు. కారు మాత్రం ఇద్దరికీ సమానంగా రాశాడు.

"ఇద్దరికి రెండు కోతలు," అని పేరయ్య రంపం తెచ్చాడు. రెండు కోతలకు మూడు ముక్కలయ్యాయి. వెనకది పేరయ్య, నడిమిది సూరప్ప తీసుకున్నారు. ఇంజన్ ఉన్న ముక్క మిగిలింది.

"ఇది ఎవరిది అన్నయ్యా?"

"మనం ఇద్దరమే కదరా. మూడోది మామయ్యదే."

ఇంకేముంది! ఇద్దరూ దాన్ని బండికెత్తి శ్మశానంలో దింపి వచ్చారు. ఆయన వెతుక్కోకుండా సూరప్ప తాళంచెవి కూడా దానికే ఉంచాడు.