చౌడప్ప చలువ అద్దాలు

ధర్మవరంలో చౌడప్ప అనే అద్దకపు పనివాడు ఉండేవాడు. రంగు విషయంలో తన కన్ను ఎన్నడూ తప్పదని నమ్మి, ఎక్కడ తేడా వచ్చినా తప్పు ఎదుటివాడిదే అనేవాడు.

ఆ నమ్మకం ఊరికే కలిగింది కాదు. ముప్పై ఏళ్ళుగా అతను పట్టు దారపు కట్టలైన చిలపలకు రంగు వేస్తున్నాడు. తక్కినవారు తొట్టి పక్కన మాదిరి దారం కట్టుకొని, దానితో పోల్చి చూసుకుంటూ రంగు కలిపేవారు. చౌడప్ప మాదిరి కట్టేవాడు కాదు. ఒకసారి చూసిన రంగును ఆరు నెలల తరువాత అడిగినా అచ్చుగుద్దినట్టు దించేవాడు. అందులోనూ నెమలికంఠం రంగు అతని చేతిలో పడితే ఇక చెప్పనక్కరలేదు. నీలం ఎక్కడ ఆగిందో, పచ్చ ఎక్కడ మొదలైందో తెలియకుండా ఉండే ఆ రంగు కోసం నేతగాళ్ళు రోజుల తరబడి వేచి ఉండేవారు.

ఆ రంగును అందరికంటే ఎక్కువగా మెచ్చుకొన్నవాడు అదే వీధిలో మగ్గం నేసే ఓబులేసు. ఇరవై ఏళ్ళుగా అతను చౌడప్ప దగ్గర తప్ప మరెవరి దగ్గరా రంగు వేయించలేదు.

ఒక ఏడాది బెంగళూరులో పెద్ద చీరల దుకాణం నడిపే కేశవమూర్తి నుంచి నేతగాళ్ళ సంఘానికి ఒక పని వచ్చింది. ఒక సంగీత పాఠశాలలో పన్నెండుమంది గాయనులు ఒకే వేదిక మీద కూర్చుని పాడతారు. వారికి పన్నెండు నెమలికంఠం చీరలు కావాలి. పన్నెండింటిలో పిసరంత తేడా కూడా ఉండకూడదు. సంఘం అద్దకాన్ని చౌడప్పకు, నేతను ఓబులేసుకు అప్పగించింది. పట్టు రెండు విడతలుగా వచ్చింది. మొదటి విడత పట్టుకు చౌడప్ప రంగు వేశాడు. ఓబులేసు ఆరు చీరలు నేశాడు.

వాటిని చూడటానికి కేశవమూర్తి స్వయంగా ధర్మవరం వచ్చాడు. అతను అప్పుడే ఇటలీ వెళ్ళి తిరిగి వచ్చి ఉన్నాడు. చీర కొంగు ఎండలో పట్టి మళ్ళీ మళ్ళీ చూశాడు. తరువాత కారులోంచి ఒక చిన్న తోలు పెట్టె తెప్పించి చౌడప్ప చేతిలో పెట్టాడు.

"ఇంత గొప్ప కన్ను ఎండకూ ఆవిరికీ పాడు కాకూడదు, చౌడప్పగారూ. నా కోసం కొనుక్కొన్నాను. కానీ ఇది మీ దగ్గరే ఉండాలి," అన్నాడు.

పెట్టెలో చలువ కళ్ళద్దాలు ఉన్నాయి. మహారాజులకూ సినిమా తారలకూ దుస్తులు కుట్టే ఒక విదేశీ సంస్థ వాటిని తయారు చేసిందట. వెడల్పాటి గోధుమరంగు అద్దాలు. రెండు కాడల మీదా ఆ సంస్థ పేరు బంగారు అక్షరాలతో ఉంది. తుడుచుకోవడానికి ఒక మెత్తని గుడ్డ, నకిలీ కాదని చెప్పే నంబరు వేసిన కార్డు కూడా ఉన్నాయి.

ఆ రోజు నుంచి చౌడప్ప అద్దాలు లేకుండా గడప దాటలేదు. తలకు తువ్వాలు చుట్టేటప్పుడు కాడల మీద అక్షరాలు మరుగున పడకుండా చెవి పక్కన కాస్త ఖాళీ వదిలేవాడు. టీ అంగడి దగ్గర కుర్రకారు ఊరుకొంటారా?

"ఏమన్నా, ఈ సినిమాలో నువ్వు హీరోనా, విలన్‌వా?" అని ఒకడు అడిగాడు.

"ఓర్వలేకపోతే అట్లనే చెప్పప్పా," అన్నాడు చౌడప్ప. "మీ ఇంట్లో మగ్గం అమ్మినా దీంట్లో ఒక కాడ రాదు."

భార్య ఈశ్వరమ్మ కూడా ఒకనాడు నోరు విప్పింది. "ఇంట్లో కూడా ఆ అద్దాలెందుకు? వడ్డించింది పప్పో పులుసో తెలుస్తోందా?"

"నా కంటికి తెలియని రంగు ఉందేమే?" అన్నాడు చౌడప్ప. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

రెండవ విడత పట్టు వచ్చింది. చౌడప్ప పెరట్లో తొట్టి కింద పొయ్యి రాజేసి, అద్దాలు పెట్టుకొనే రంగు కలిపాడు. ఎందుకో ఈసారి రంగు మందంగా, పచ్చవాటంగా కనిపించింది. మరికొంత నీలం కలిపాడు. చాలదనిపించి ఇంకొంత కలిపాడు. చివరకు తన మనసులో ఉన్న నెమలికంఠం కంటి ముందు నిలిచింది. తృప్తిగా చిలపలు ముంచి, పిండి, నీడలో ఆరవేశాడు.

ఆ చిలపలు ఓబులేసు ఇంటికి చేరాయి. అతని భార్య రామక్క కండెలు చుట్టబోతూ ఆగిపోయింది. పాత దారం పక్కన పెట్టి చూసి భర్తను పిలిచింది. ఓబులేసు రెండు దారాలూ పట్టుకొని చౌడప్ప దగ్గరకు వెళ్ళాడు.

"అన్నా, ఒకసారి చూడు. కొత్త దాంట్లో నీలం ఎక్కువైనట్టుంది."

చౌడప్ప రెండు దారాలూ ఎండలో పట్టుకొని, అద్దాల గుండా అటూ ఇటూ తిప్పి చూశాడు. రెండూ ఒకటిగానే ఉన్నాయి.

"తేడా దారంలో లేదప్పా, నీ కళ్ళల్లో ఉంది. ఆసుపత్రికి పోయి చూపించుకో," అన్నాడు.

"రామక్క కూడా అదే అంటోందన్నా."

"అయితే ఇద్దరూ కలిసి పోండి. తోడుగా ఉంటుంది."

ఓబులేసు నవ్వలేకపోయాడు. అయినా ఇరవై ఏళ్ళ నమ్మకం ముందు తన అనుమానం చిన్నదనిపించింది. ఇంటికి వెళ్ళి మిగిలిన ఆరు చీరలూ నేశాడు.

పన్నెండు చీరలనూ సంఘం కార్యాలయంలో చాప మీద పరిచారు. కేశవమూర్తి ముఖం మాడిపోయింది. ఆరు చీరలు నెమలికంఠం. ఆరు చీరలు ముదురు నీలం. పసిపిల్ల కూడా చెప్పగలిగినంత తేడా.

సంఘానికి పెద్ద అయిన గంగాధరయ్య చౌడప్పను పిలిపించాడు. చౌడప్ప లోపలికి రాగానే, "లోపల కూడా చలువద్దాలెందుకప్పా? తీసి సరిగా చూడు," అన్నాడు.

చౌడప్ప అద్దాలు తీశాడు. చీరలను చూశాడు. అతని రక్తం మరిగింది.

"ఈ ఆరూ నా రంగు కాదు," అన్నాడు.

"ఆ పొద్దు తెచ్చి చూపించినాను గదన్నా!" అన్నాడు ఓబులేసు.

"చూపించినావు. ఆ పొద్దు నువ్వు చూపించింది నా రంగే. నేసింది మాత్రం అది కాదు. అయ్యా, ఇతను మంచి పట్టును ఎవరికో అమ్ముకొన్నాడు. నాసి పట్టు తెచ్చి, ఎక్కడో రంగు వేయించి, మన నెత్తిన పెట్టినాడు. ఇది దొంగపని."

చౌడప్ప అబద్ధం చెప్పలేదు. తాను చూసిందే చెప్పానని అతను మనస్ఫూర్తిగా నమ్మాడు. అందుకే ఆ మాట అంత బలంగా తగిలింది.

ఓబులేసు చేతులు జోడించి ఒకటే అడిగాడు. "రేపు మీ అందరి ముందర అన్న చేత ఒక చిలపకు రంగు వేయించండి. నాకిచ్చిన రంగే మళ్ళీ వస్తుంది."

"వేయిస్తాం," అన్నాడు గంగాధరయ్య. "నువ్వు చెప్పినట్టే వస్తే నీ తప్పు లేదు. పాత రంగే వస్తే సంఘంలో నీ పేరు ఉండదు. నీ మగ్గానికి మా పట్టు ఒక్క పోగు కూడా రాదు. ఒప్పుకొంటావా?"

"ఒప్పుకొంటాను," అన్నాడు ఓబులేసు. మగ్గం తప్ప అతనికి వేరే జీవనం లేదు.

ఆ మధ్యాహ్నమే చౌడప్ప తన పెరట్లో పొయ్యి రాజేశాడు. మరునాటి పరీక్షకు ముందు ఒక చిలప వేసి చూసుకోవాలనుకొన్నాడు. ఎప్పటిలాగే అద్దాలు పెట్టుకొన్నాడు. రంగు కుదిరేదాకా నీలం కలిపాడు. చిలపను పైకి తీసి పిండుతుండగా తొట్టిలోని ఆవిరి ఎగసి అద్దాలను కమ్మేసింది. తుడుచుకొందామని వాటిని తీశాడు.

చేతిలో ఉన్నది నెమలికంఠం కాదు. ముదురు నీలం. సంఘం చాప మీద తాను దొంగరంగు అన్న ఆ రంగే.

చౌడప్ప అద్దాలు పెట్టుకొన్నాడు, నెమలికంఠం. తీశాడు, నీలం. మళ్ళీ పెట్టుకొన్నాడు. మళ్ళీ తీశాడు.

"ఏమైంది? అట్లా కొయ్యబారిపోయినావేం?" అని ఈశ్వరమ్మ గుమ్మంలోంచి అడిగింది.

"ఏం లేదు," అన్నాడు చౌడప్ప. చిలపను గబగబా తీసుకొని వెళ్ళి కట్టెల వెనుక ఆరవేశాడు.

అతనికి అంతా అర్థమైంది. గోధుమరంగు అద్దం నీలాన్ని మింగేస్తోంది. దాని గుండా చూస్తే తొట్టిలో రంగు పచ్చవాటంగా ఉంటుంది, దారంలో నీలం ఎక్కువతక్కువలు తెలియవు. మింగిన దాన్ని పూడ్చడానికి తన చెయ్యి నీలం పోస్తోంది. ఓబులేసు దొంగ కాడు. అయితే ఈ సంగతి మరెవరికీ తెలియదు. రేపు అద్దాలు తీసి రంగు వేస్తే పాత రంగే వస్తుంది. ముప్పై ఏళ్ళ పేరు నిలుస్తుంది. ఎవరూ అడగరు. చెప్పవలసిన అవసరమూ రాదు. ఈ ఆలోచన తప్పని అతనికి తెలుసు. తెలిసే దాన్ని వదలలేదు.

మరునాడు ఉదయం గంగాధరయ్య, కేశవమూర్తి, పదిమంది నేతగాళ్ళు పెరట్లో నిలబడ్డారు. ఓబులేసు ఒక పక్కగా నిలుచున్నాడు. చౌడప్ప అద్దాలను కిటికీ అరుగు మీద పెట్టి వచ్చి రంగు కలిపాడు. చిలప ముంచాడు, తీశాడు, పిండాడు, నీడలో ఆరవేశాడు. ఆరేకొద్దీ దారంలో నెమలికంఠం తేలింది. చూస్తున్నవారి నోట ఆహా అన్న మాట వచ్చింది.

గంగాధరయ్య ఓబులేసు వైపు తిరిగాడు. "ఇంకేమైనా చెప్పేది ఉందా?"

ఓబులేసు దగ్గరకు వెళ్ళి ఆ చిలపను చూశాడు. "ఏముందయ్యా? చౌడప్పన్న కన్ను తప్పదని ఈ ఊరంతా తిరిగి చెప్పింది నేనే. నా మాటే నాకు అడ్డం వచ్చింది. నేను మాత్రం పట్టు మార్చలేదు," అని, తువ్వాలు భుజాన వేసుకొని వాకిలి వైపు నడిచాడు.

అతను వాకిలి చేరకముందే చౌడప్ప, "ఆగు ఓబులేసూ," అన్నాడు.

చౌడప్ప కట్టెల వెనుక నుంచి నిన్నటి చిలప తెచ్చి కొత్త చిలప పక్కన వేలాడదీశాడు. అందరూ తెల్లబోయారు. ఒకటి నెమలికంఠం, ఒకటి ముదురు నీలం.

"రెండూ నేను వేసినవే," అన్నాడు చౌడప్ప. కిటికీ అరుగు మీది అద్దాలు తెచ్చి గంగాధరయ్యకు ఇచ్చాడు. "ఇవి పెట్టుకొని చూడండి."

పంచె, ఉత్తరీయం, విభూతి రేఖల నడుమ ఆ వెడల్పాటి అద్దాలు చూసి వెనుక ఎవరో కిసుక్కుమన్నారు. గంగాధరయ్య నవ్వలేదు. చిలపలను చూశాడు. అద్దాలు పైకెత్తి చూశాడు. మళ్ళీ దించి చూశాడు.

"రెండూ ఒకటే రంగు!" అన్నాడు.

"రెండో విడత పట్టుకు ఈ అద్దాలతోనే రంగు వేసినాను. ఓబులేసు తేడా ఉందని తెచ్చి చూపిస్తే ఈ అద్దాలతోనే చూసి ఎగతాళి చేసి పంపినాను. నిన్న మధ్యాహ్నమే నాకు సంగతి తెలిసింది. అయినా ఇప్పటిదాకా నోరు మూసుకొన్నాను."

కేశవమూర్తి నొచ్చుకొన్నాడు. "అయ్యో, నేనిచ్చిన బహుమానం వల్ల ఇంత జరిగిందే! తప్పు మీది కాదు చౌడప్పగారూ, ఈ అద్దాలది."

గంగాధరయ్య అక్కడికక్కడే తీర్పు చెప్పాడు. ఓబులేసు పేరు సంఘంలో ఉంటుంది. పాడైన ఆరు చీరల పట్టు చౌడప్ప తెచ్చి ఇవ్వాలి. ఇకమీదట అతని తొట్టికి కూడా అందరి తొట్లకు లాగే మాదిరి దారం కట్టాలి. రంగు కుదిరిందో లేదో రెండో మనిషి చూసి చెప్పాలి. ముప్పై ఏళ్ళుగా ఎవరూ చౌడప్పతో అనలేని మాట అది. అతను ఒప్పుకొన్నాడు.

తరువాత చౌడప్ప ఓబులేసు ఎదుటకు వెళ్ళి నిలబడ్డాడు. క్షమించమని అడగడానికి మాటలు వెతుక్కొంటుండగా ఓబులేసే నోరు తెరిచాడు.

"రంగు తప్పుగా చూపింది అద్దాలే, ఒప్పుకొంటానన్నా. నన్ను దొంగ అన్నది అద్దాలు కాదు కదా?"

"కాదు," అన్నాడు చౌడప్ప. "అది నేనే."

ఓబులేసు తీగ మీద ఆరిన నెమలికంఠం చిలపను తీసి, భుజాన వేసుకొని, మగ్గం వైపు వెళ్ళిపోయాడు.

ఎదుటివారిలో దోషం కనిపించినప్పుడు ముందుగా తన చూపును పరీక్షించుకోవాలి. దోషం తనదేనని తెలిసినప్పుడు, ఏ పదిమంది ముందు నింద వేశాడో ఆ పదిమంది ముందే నిలబడి దానిని వెనక్కి తీసుకోవాలి.