భర్త మాణిక్యం

శిష్యురాలు ఏదైనా అడిగితే భ్రమరాంబ జవాబు చెప్పదు. ఎక్కడో ఒకచోటికి పంపి కూర్చోబెడుతుంది. ముప్ఫై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో సి భాషలో ప్రోగ్రాములు రాసి, రిటైరయ్యాక కాకినాడలో ఒక జిరాక్స్ షాపు మేడమీద ఆరుగురు ఆడపిల్లలకు అదే పని నేర్పుతోంది. దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. పాలు కాగాయంటే గిన్నె ముట్టుకుని చూస్తుందని సొంత తమ్ముడే చెప్పుకుని నవ్వుతాడు. అదే గుణం మగ ఇంజనీరుకుంటే ముందుచూపు అనేవాళ్లు. ఆవిడకుంది కాబట్టి చాదస్తం అన్నారు. ఆవిడ ఆ పేరును కూడా పెద్దగా నమ్మినట్టు కనబడదు.

ఒకరోజు శిష్యురాలు సువార్త వెనక నిలబడి, ఆమె తెర వైపు చూస్తూ, భ్రమరాంబ ఉన్నట్టుండి అంది:

"నీ క్యాస్టే నాకు అనుమానంగా ఉందమ్మా."

గదిలో కీబోర్డులన్నీ ఆగిపోయాయి. సువార్త మెడ తిప్పలేదు. ఊరి చివరి పేట నుంచి ఈ మేడ ఎక్కి పద్నాలుగు నెలలైంది. ఈ మాట ఎప్పుడో ఒకనాడు, ఎంతో మర్యాదగా, ఇలాంటి పెద్దావిడ నోట్లోంచే వస్తుందని మొదటిరోజే అనుకుంది. వచ్చింది.

"ఏమన్నారు మేడం?"

"రెండువందల పన్నెండో లైను. అక్కడ పెట్టిన క్యాస్టు."

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. సువార్త నవ్వలేదు. ఆవిడ అన్నది లైను గురించేనని తెలిశాక కూడా, ఒళ్లంతా కమ్మిన వేడి దిగడానికి కాసేపు పట్టింది. పూర్తిగా దిగిందని కూడా చెప్పలేం.

సంగతేమిటంటే, ఊళ్లో ఒక ట్రస్టు నడిపే కాన్పుల ఆసుపత్రి కోసం సువార్త ఒక చిన్న యంత్రానికి ప్రోగ్రాం రాసింది. తన పేరు మీద బయటికి వెళ్తున్న మొట్టమొదటి పని అది. మంచం నెంబరు నొక్కితే ఆ పేషెంటు తాలూకు మనిషి వివరాలు తెరమీదికి రావాలి. ఇందుకోసం ఒక హ్యాష్ టేబుల్ కట్టింది. అంటే నెంబరు ఇవ్వగానే వెతుకులాట లేకుండా ఏ అరలో ఉందో లెక్కగట్టి తీసిచ్చే పట్టిక. అరలు నిండుతుంటే పట్టిక తనంతట తానే పెద్దదై, ఉన్నవాటినన్నిటినీ కొత్త చోట్లకు సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు రాయడానికే మూడు వారాలు పట్టింది, అది చూసుకుంటే ఆమెకు ముచ్చటగా ఉండేది.

పేషెంటు తాలూకు మనుషులు రెండు రకాలు. భర్త వస్తే పేరు, రక్తం గ్రూపు, ఫోను. మరెవరైనా వస్తే పేరు, వరస, ఫోను. రెండు రకాలనూ సువార్త ఒకే పట్టికలో పెట్టింది. ఎక్కడుందో మాత్రమే చూపి, ఏ రకమో చెప్పని వాయిడ్ పాయింటర్లుగా పెట్టింది, తీసేటప్పుడు క్యాస్టు చేసింది. సి భాషలో క్యాస్టు అంటే, లోపల ఏముందో చూడకుండా "ఇది ఫలానా రకం, పూచీ నాది, నువ్వు మాట్లాడకు" అని, రాసిన కోడును తనిఖీ చేసి ప్రోగ్రాంగా మార్చే కంపైలర్‌కు చెప్పడమే. భ్రమరాంబ పద్ధతి వేరు. ఆవిడ దగ్గర ఒక అచ్చు ఉంది. ఏ రకం ఇస్తే ఆ రకానికి విడిగా ఒక పట్టికను పోసిస్తుంది. భర్తల పట్టికలో ఇంకొకరిని పెట్టబోయినా, అందులోంచి తీసి ఇంకొకరనుకున్నా, ప్రోగ్రాం తయారవ్వకముందే కంపైలర్ అడ్డం పడుతుంది.

"అదే కోడు రెండుసార్లు ఎందుకండీ?" అంది సువార్త. "చిన్న యంత్రం, చోటు తక్కువ. నాలుగొందల పరీక్షలు పెట్టాను. ఒక్క హెచ్చరిక లేదు. కంపైలర్‌కు లేని అనుమానం మీకెందుకు మేడం?"

ఆ ప్రశ్నలో లైను గురించి ఎంత ఉందో, అంతకుముందు నిమిషం గురించి ఎంత ఉందో భ్రమరాంబకు తెలిసే ఉంటుంది. అలవాటు ప్రకారం జవాబు చెప్పలేదు.

"రేపు ఆసుపత్రిలో నీ యంత్రం పెడుతున్నారుగా. పక్కన రిజిస్టరు కూడా నడపమన్నాను. నువ్వు వార్డులో కూర్చో. తెర చెప్పింది రాయొద్దు, అది ఎలాగూ దాని దగ్గరే ఉంటుంది. మనుషులు చెప్పింది రాయి. టైము వేసి రాయి."

ఇదేదో తనకు వేసిన శిక్ష అనిపించింది సువార్తకు. తప్పు దొరక్క, దొరికేదాకా కాపలా పెట్టింది అనుకుంది. అయినా మర్నాడు పొద్దున ఎనిమిదింటికల్లా నోటుబుక్కు పట్టుకుని వార్డు మూల స్టూలు మీద కూర్చుంది. భ్రమరాంబ కింద ఆఫీసులో సూపరింటెండెంటుతో మాట్లాడుతోంది.

పదింటి వరకూ అంతా సవ్యంగానే జరిగింది. పదిహేడో మంచం మీద నూకరత్నం అని ఉప్పాడ పిల్ల, ఇరవై రెండేళ్లుంటాయి. తెల్లవారాక కాన్పయింది. బిడ్డ క్షేమం. తల్లికి మాత్రం రక్తం ఆగడం లేదు. డాక్టరమ్మ లోపల్నుంచే కేకేసింది: "బి పాజిటివ్ ఇంకో సంచీ కావాలి, త్వరగా!" ఆసుపత్రిలో ఉన్నది ఒక్కటే, అది ఎక్కుతోంది. రెండోది ఊరవతల బ్లడ్ బ్యాంకు నుంచి రావాలి, లేదంటే ఇచ్చే మనిషి దొరకాలి. లీలాకుమారి సిస్టర్ ఒక చేత్తో బ్లడ్ బ్యాంకు నెంబరు కలుపుతూ, రెండో చేత్తో యంత్రం మీద పదిహేడు, దాని పక్కన అత్యవసరం ఎర్రబొత్తం నొక్కింది. తెర వెలిగింది.

భర్త: మాణిక్యం. రక్తం: బి పాజిటివ్.

"హమ్మయ్య, మనిషి గుమ్మంలోనే ఉన్నాడు," అని సిస్టర్ ఫోను పెట్టేసింది. "ఆయా! మాణిక్యం ఎవరో పిలు!"

వరండాలో ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ ఒక ముసలమ్మ ముందుకొచ్చింది. "నానేనమ్మా మాణిక్యాన్ని."

"నువ్వు కాదమ్మా. మీ అల్లుడు."

సువార్త రాసుకుంది: పది దాటి అయిదు. నానేనమ్మా మాణిక్యాన్ని. ముసలమ్మకు చెవుడేమో అనుకుంది, ఆ మాట మాత్రం రాయలేదు.

వాచ్‌మన్ టీ బడ్డీ దాకా వెళ్లొచ్చాడు. మైకులో పిలిచారు: మాణిక్యం గారు ఎక్కడున్నా వెంటనే కాన్పుల వార్డుకు రావాలి. ఎవరూ రాలేదు. కాంపౌండరు గోడ పక్క బీడీ కాల్చే ఇద్దర్ని పేరడిగి వచ్చాడు.

"రక్తం అనగానే జారుకునుంటాడు," అంది ఆయా. "బిడ్డను ఎత్తుకోడానికైతే ముందుంటారు."

"మా అల్లుడు అలాటోడు కాదు తల్లీ," అంది ముసలమ్మ. "ఆడి పేరు పోలయ్య. పారాదీప్‌లో బోటు మీదున్నాడు. మాణిక్యం అంటే నానే. నన్ను రమ్మంటే నానొస్తా గదా."

"తెరలో ఉందమ్మా, భర్త అని! మాకేం పని లేదా?"

పది దాటి తొమ్మిది, అని వేసింది సువార్త. వేస్తుండగా మంచం నెంబరు దగ్గర ఆమె చూపు ఆగింది. పదిహేడు. పట్టికలో పదహారు అరలు నిండితే పెద్దదవుతుంది. ఈ పిల్ల వచ్చాకే పెద్దదయిందా? సర్దుబాటులో ఒకరి వివరాలు ఇంకొకరి అరలో పడ్డాయా? లాప్‌టాప్ తెరిచి, అరలు లెక్కపెట్టింది. ఒకటి నుంచి పదిహేడు దాకా ఎవరి చోట వాళ్లున్నారు. పేరు సరిగ్గానే ఉంది. మరయితే పొద్దున టైపు చేసిన ఇంకో సిస్టరే పొరపాటు చేసిందా? అల్లుడి పేరు పక్కన పెట్టి అత్త పేరు కొట్టిందా? ముసలమ్మే అల్లుడిని ఎందుకో దాస్తోందా? అందరూ అనుమానంగానే కనిపించారు. రెండువందల పన్నెండో లైను ఒక్కటే ఆమెకు గుర్తుకు రాలేదు.

లోపల్నుంచి డాక్టరమ్మ మళ్లీ అరిచింది. గొంతు మారింది.

కాంపౌండరు ముసలమ్మను నిలదీశాడు. "నువ్వే మాణిక్యం అంటున్నావుగా, ఆధార్ ఉందా?"

"కూతురు లోపల అలా ఉంటే ఆధార్ అడుగుతావేటి బాబూ! నా పేరు నాకు తెలవదా? మాణిక్యాన్ని నానే!"

పది దాటి పద్నాలుగు.

సిస్టర్ విసుక్కుంటూ తెరమీదున్న భర్త ఫోను నెంబరు కలిపింది. ముసలమ్మ నడుముకు దోపుకున్న గుడ్డసంచీలోంచి ఫోను మోగింది.

"అల్లుడి ఫోను నీ దగ్గరెందుకుంది?" అంది సిస్టర్, దొంగను పట్టినట్టు.

అప్పుడు సువార్త పెన్ను పక్కన పెట్టి మళ్లీ లాప్‌టాప్ వైపు తిరిగింది. ఫోను సరైనదే. పేరు సరైనదే. రెండు రకాల వివరాల్లోనూ పేరు ముందుంటుంది, ఫోను చివరుంటుంది. తేడా మధ్యలోనే. భర్తయితే అక్కడ రక్తం గ్రూపు, మరొకరైతే వరస. రెండూ అంకెలుగానే దాస్తుంది తను. రక్తంలో రెండు అంటే బి పాజిటివ్. వరసలో రెండు అంటే తల్లి. మామూలుగా చూసే చోట ఏ రకమో తేల్చుకునే తీసింది గానీ, ఎర్రబొత్తం చోట, రక్తం అవసరమయ్యే చోట, ఇంకెవరుంటారు భర్తే కదా అని నేరుగా క్యాస్టు చేసి పారేసింది.

"సిస్టర్! భర్త లేడు. అలాంటి మనిషే లేడు. ఆవిడే మాణిక్యం. ముందు బ్లడ్ బ్యాంకుకు చెయ్యండి!"

సిస్టర్ ఒక్క క్షణం అనుమానంగా చూసి, ఫోను కలిపింది. పది దాటి పదిహేను నిమిషాలు. పదకొండు నిమిషాల కింద కలపబోయి పెట్టేసిన నెంబరే అది.

సంచీ వచ్చేసరికి పదకొండు కావచ్చింది. ఆ మధ్యలో ఏం జరిగిందో సువార్త నోటుబుక్కులో లేదు. ముసలమ్మ ఫ్లాస్కు నేలమీద పెట్టి, తలుపు అద్దానికి నుదురు ఆనించి నిలబడింది. సువార్త ఆమె పక్కన నిలబడింది గానీ ఆమెను ముట్టుకునే ధైర్యం చెయ్యలేకపోయింది. డాక్టరమ్మ బయటికి వచ్చి, గ్లవ్స్ తీసి, "నిలబడింది. ఇంకో పావుగంట అయితే చెప్పలేను," అంది. ఎవరు ఆలస్యం చేశారని అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది సువార్తకు.

మైకు విని ఎప్పుడో పైకి వచ్చిన భ్రమరాంబ వరండా చివర నిలబడి ఉంది. సువార్త వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పింది. చీవాట్లకు సిద్ధపడింది. చీవాట్లు రాలేదు.

"రిజిస్టరులో తల్లి అనే ఉంది," అంది భ్రమరాంబ. "ఇప్పుడే చూశాను. సిస్టర్‌కు అది తెరిచే తీరిక లేకపోయింది. నీతో వాదించలేక ఆ ప్రోగ్రాం మీద నేనూ సంతకం పెట్టాను. అనుమానం ఉంచుకుని కూడా పెట్టాను. అది నీ ఖాతాలో వెయ్యకు."

యంత్రాన్ని అప్పుడే విప్పి వెనక్కి తెచ్చేశారు. మేడమీద సువార్త తన పట్టికను తీసేసి, ఆవిడ అచ్చులోంచి రెండు పట్టికలు పోసింది, భర్తలకొకటి, తక్కినవాళ్లకొకటి. క్యాస్టులన్నీ కొట్టేసింది. చోటు తక్కువన్నది కొంతవరకు నిజమే. ప్రోగ్రాం బరువు పెరిగింది, అయినా యంత్రంలో పట్టింది. భ్రమరాంబ ఆమె నోటుబుక్కు తెరిచి, టైముల వెంట వేలు జరుపుతూ చదువుకుంటోంది.

సువార్త కంపైల్ నొక్కింది. తెర నిండా ఎర్రగా లైన్లు దిగాయి. ఒక రకాన్ని అడిగి ఇంకో రకాన్ని అనుకున్న చోటల్లా ఆగిపోయింది. ఎర్రబొత్తం ఒక్కటే అనుకుంది ఆమె, ఒక్కటి కాదు. డిశ్చార్జి కాగితం దగ్గర భర్త, బిడ్డ పేరు దగ్గర భర్త, సంతకం దగ్గర భర్త. వచ్చింది ఎవరైనా సరే, అన్నిచోట్లా భర్తే.

"కంపైలర్ పదకొండు చోట్ల కాదంటోంది మేడం," అంది, నీరసంగా.

భ్రమరాంబ నోటుబుక్కులోంచి తల ఎత్తలేదు.

"మాణిక్యం మూడుసార్లే చెప్పగలిగింది," అంది.