వెడల్పు మూతి మావు

పంట కాలువ మీదికి వంగిన తుమ్మచెట్టుకు గిజిగాడి గూడు వేలాడుతుండేది. కింద గట్టు బొరియలో నక్క, కాలువ నీళ్ళలో ముసలి తాబేలు కాపురం. ముగ్గురూ ఇరుగుపొరుగు. అందులో ఒకరు నక్క అయితే ఇరుగుపొరుగు ఎంత సుఖమో చెప్పక్కర్లేదు.

ఓ పొద్దున్నే నక్క చెట్టు కిందికొచ్చింది.

"అల్లుడూ, అల్లికంటే నీదేరా! నాకో మావు, అదే చేపలు పట్టే బుట్ట, అల్లిపెట్టు. చేపలు వాటంతటవే దూరాలి, బయటికి రాలేకపోవాలి. నీ గూటి వైపు పిల్లి రాకుండా నేను చూసుకుంటాగా."

పొగిడితే పొంగనిదెవరు? గిజిగాడు వెదురు పేళ్ళు తెచ్చి బుట్ట అల్లాడు. మూతి చుట్టూ లోపలికి వంగిన పుల్లలు పెట్టాడు. అవి దూరేటప్పుడు దారిస్తాయి, తిరిగొచ్చేటప్పుడు గుచ్చుకుంటాయి.

"ఇంత చిన్న మూతా? కొరమేను పట్టొద్దూ? నా తల పట్టేంత పెట్టు!"

"అంత పెడితే తాబేలత్త దూరుతుంది మామా. ఆవిడ పైకొచ్చి ఊపిరి తీసుకోకపోతే బతకదు. మూతికి అడ్డంగా ఒక్క పుల్ల కడతాను. వెనక కొస నీళ్ళ పైకి ఉంచుదాం."

"దూరితే దూరనీ! అందరి మంచీ చూస్తూ కూచుంటే నా కడుపు నిండుతుందా?"

కాదంటే గూటి మీదికి పిల్లి వస్తుంది. గిజిగాడు మూతి వెడల్పు చేశాడు. నక్క మావును నీళ్ళలో పూర్తిగా ముంచి, తాడు చెట్టుకు కట్టి నిద్రకు పోయింది.

మధ్యాహ్నానికి మావులో చేపలు పడ్డాయి. వాటి మీది ఆశతో తాబేలూ దూరింది. వెనక్కి రాబోతే పుల్లలు గుచ్చుకున్నాయి. గిజిగాడు పైనుంచి చూశాడు. తన చేతి పనే అత్త ప్రాణం తీసేలా ఉంది! మావు లాగే బలం పిట్టకెక్కడిది? బొరియ దగ్గరికి ఎగిరాడు.

"మామా, లే! నీ మావు బరువుకి తాడు తెగేలా ఉంది!"

నక్క పరుగున వచ్చి మావును గట్టెక్కించింది. తాబేలు నోరంతా తెరిచి గాలి పీల్చుకుంది.

"నువ్వా! నా చేపలకు అడ్డం కూచున్నావా? బయటికి రా!"

"నీ పుల్లలు రానిస్తేగా నాయనా."

తాబేలు వెనక చేపలు ఎగురుతున్నాయి. నక్కకు నోరూరింది. "లాగి పారేస్తా నిన్ను!" అంటూ తల దూర్చింది. నక్క తల పట్టేంత మూతే కదా, చక్కగా పట్టింది. తాబేలు డొప్పలోకి ముడుచుకుంది. నక్క తల వెనక్కి తీయబోతే పుల్లలు మెడ చుట్టూ దిగాయి. తల మీద మావు, మావులో తాబేలు, గట్టంతా గెంతులు.

"చచ్చాన్రా అల్లుడూ! విప్పు!"

"విప్పుతా మామా. ఈసారి మూతికి అడ్డపుల్ల?"

"పెట్టు!"

"వెనక కొస నీళ్ళ పైన?"

"పెట్టరా బాబూ!"

"చేపలు చాలనుకున్నాక మావు గట్టు మీదికి?"

"నీ కాళ్ళు పట్టుకుంటా!"

నక్క పిట్ట కాళ్ళు పట్టుకుంటాననడం అదే మొదలు. గిజిగాడు ముక్కుతో మావు కట్లు విప్పాడు. తాబేలు నింపాదిగా నీళ్ళలోకి దిగింది. చేపలు దాని వెంటే దూకాయి. నక్కకు మిగిలింది మెడలో వెదురు కంటె.

సాయంత్రం గిజిగాడు అల్లిన కొత్త మావులో నక్కకు సరిపడా జెల్ల చేపలు పడ్డాయి. తాబేలు మూతి దాకా వచ్చి, అడ్డపుల్లకు డొప్ప తగిలి ఆగింది.

"నీ చెయ్యి చల్లగుండ అల్లుడూ" అని మళ్ళిపోయింది. గిజిగాడు గూట్లో ఊగుతూ హాయిగా కునుకు తీశాడు.

నీతి: అక్కర్లేనివాళ్ళను పట్టే మావు, పెట్టినవాణ్ణి మాత్రం ఎందుకు వదులుతుంది?